‘సిట్టింగ్ డక్’ను సరిగ్గా వాడడం ఎలా? విశాఖ ఉదాహరణలతో సమగ్ర మార్గదర్శి

ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షలకు, ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లలు బట్టీ పట్టే ఇంగ్లీషు నుడికారాల్లో ‘సిట్టింగ్ డక్’ ఒకటి. పక్కన అర్థం ‘సులువైన లక్ష్యం’ అని ఉంటుంది. అది తప్పేం కాదు. ఆ రెండు ముక్కలు గుర్తుంటే ఒక మార్కు వస్తుంది కూడా. కానీ మాట మాత్రం నోటికి రాదు. ఎప్పుడు వాడాలి, ఎవరి గురించి వాడకూడదు, దాని వెంట ఏ చిన్న పదం రావాలి అన్నవి ఆ పట్టికలో ఉండవు.

ఇది బలహీనులను గురించిన మాట కాదు. ఎంత బలమున్నవాళ్లయినా ఒకానొక చోట, ఒకానొక వేళ కదల్లేక, దాక్కోలేక దొరికిపోతారు. ఆ స్థితికి పెట్టిన పేరే సిట్టింగ్ డక్. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా వాడుకంతా దాని వెంటే వస్తుంది. నౌకాదళం, ఓడరేవు, తుపాన్లు అన్నీ చూసిన విశాఖ వాళ్లకు ఇది పట్టుకోవడం కష్టమేమీ కాదు.

మొదటి మెట్టు: ముందు బాతును చూడండి

వీలైతే చలికాలంలో ఒకరోజు పొద్దున్నే కొండకర్ల ఆవకు వెళ్లండి. విశాఖ నుంచి అచ్యుతాపురం వైపు, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న మంచినీటి సరస్సు అది. నీటి మీద బాతులు తేలుతూ ఉంటాయి. గట్టు మీద నుంచి చూస్తే ఎటూ కదలనట్టే కనిపిస్తాయి. చుట్టూ ఖాళీ నీళ్లు, చాటు లేదు.

అవి లేచేటప్పుడు గమనించండి. కొన్ని రకాల బాతులు నీటి మీద నుంచి ఒక్క ఉదుటున పైకి లేస్తాయి. లోతుకు మునిగి మేసే రకాలు అలా లేవలేవు. రెక్కలు కొట్టుకుంటూ, నీటి మీద కాళ్లతో టపటపా తన్నుకుంటూ కొంతదూరం పరిగెత్తితే గానీ గాలిలోకి రావు. ఒకసారి లేచాక మాత్రం వాటి వేగం అందుకోవడం వేటగాడికి కష్టం. ఎగిరే పిట్టను కొట్టాలంటే అది ఉన్న చోటికి కాదు, ఉండబోయే చోటికి గురి పెట్టాలి. కూర్చున్న పిట్టకు ఆ తంటా లేదు. తుపాకీ నిలకడగా పట్టుకుంటే చాలు.

అందుకే ఇంగ్లండు వేటగాళ్లలో కూర్చున్న పిట్టను కాల్చడం మర్యాద కాదన్న పట్టింపు ఉండేది. అందులో నేర్పేమీ లేదని వాళ్ల భావన. మన దేశంలో ఇప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతులను వేటాడడమే నేరం. వేట పోయినా మాట మిగిలింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇది వేటను దాటి ఓడలకు, విమానాలకు, మనుషులకు పాకింది.

రెండో మెట్టు: మూడు ప్రశ్నలు వేసుకోండి

ఈ మాట వాడబోయే ముందు మనసులో మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అవతల దెబ్బ కొట్టేవాళ్లు గానీ, కొట్టేది గానీ ఉందా? మనం చెబుతున్న మనిషి లేదా వస్తువు బాహాటంగా కనిపించేలా ఉందా? ఆ క్షణానికి తప్పించుకునే దారి గానీ, ఎదురు తిరిగే దారి గానీ లేకుండా పోయిందా? మూడింటికీ ‘అవును’ అని వస్తే సిట్టింగ్ డక్ అనండి. ఒక్కటి తప్పినా మాట అతకదు.

ఒక ఉదాహరణ. జ్వరంతో నీరసించిపోయిన కుర్రాడు సిట్టింగ్ డక్ కాదు, ఎందుకంటే అతన్ని ఎవరూ కొట్టబోవడం లేదు. జీతం తక్కువ వచ్చే ఉద్యోగి కూడా కాదు. కంపెనీలో ఉద్యోగాల కోత మొదలై, చేతిలో ప్రాజెక్టు లేకుండా బెంచి మీద ఉన్న ఉద్యోగి మాత్రం అవుతాడు. కోత అనేది అవతల ఉంది, అతను లిస్టులో అందరికీ కనిపిస్తున్నాడు, తప్పించుకోవడానికి వేరే ప్రాజెక్టు లేదు.

తుపాను, అగ్నిప్రమాదం లాంటివి కావాలని కొట్టవు కదా, వాటికి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వాడొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన రోజును తలచుకోండి. రేకుల కప్పులు, కరెంటు స్తంభాలు, రోడ్డు పక్క చెట్లు అన్నీ గాలికి ఎదురుగా నిలబడ్డవే. ‘ది హట్స్ ఆన్ ది షోర్ వర్ సిట్టింగ్ డక్స్’ అంటే ఇంగ్లీషు వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. గాలిని శత్రువుగా ఊహిస్తున్నాం, అంతే. కాకపోతే ఈ వాడుక కథనాల్లో, కబుర్లలో బాగుంటుంది, ప్రభుత్వ నివేదికలో బాగుండదు.

మూడో మెట్టు: మన సముద్రం మీదే మూడు ఉదాహరణలు

ఈ మాటకు యుద్ధనౌకలతో చుట్టరికం ఎక్కువ. విశాఖ చరిత్రలో దానికి పనికొచ్చే సందర్భాలు కావలసినన్ని ఉన్నాయి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే సమయంలో బంగాళాఖాతంలో కాపలా లేకుండా పోతున్న సరుకు ఓడలను జపాన్ యుద్ధనౌకలు ఒకదాని వెంట ఒకటి ముంచేశాయి. ఆ ఓడలకు వేగం లేదు, తోడుగా యుద్ధనౌక లేదు, సముద్రంలో దాక్కునే చోటు లేదు. ‘వితౌట్ ఎస్కార్ట్స్, ది మర్చంట్ షిప్స్ వర్ సిట్టింగ్ డక్స్’ అన్న వాక్యంలో మన మూడు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

రెండోది 1971 నాటిది. మన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌ను ముంచడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ వైపు వచ్చింది. విక్రాంత్ బాయిలర్‌లో పగులు ఉండడంతో పూర్తి వేగంతో వెళ్లలేని పరిస్థితి. నౌకాదళం దాన్ని అండమాన్ వైపు దాచింది. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌తో మాయ చేసింది. అప్పుడు తూర్పు నౌకాదళ కమాండ్‌కు అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ విశాఖ తీరం దగ్గరే మునిగిపోయింది. బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ స్మారకం ఆ యుద్ధానిదే. ఇక్కడ వాక్యం ‘ఇన్ హార్బర్, ది క్యారియర్ వుడ్ హావ్ బీన్ ఎ సిట్టింగ్ డక్’ అవుతుంది. రేవులో ఉండి ఉంటే తేరగా దొరికిపోయేది అని. జరగలేదు, జరిగి ఉంటే అలా అయ్యేది అని చెప్పడానికి ‘వుడ్ హావ్ బీన్’ చాలా చక్కగా నప్పుతుంది.

మూడోది మీరు లోపలికి వెళ్లి చూడగలిగింది, ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. సుమారు 91 మీటర్ల పొడవున్న ఈ జలాంతర్గామిలో ఒక కొస నుంచి ఇంకో కొసకు వంగి వంగి నడుస్తూ ఒక సంగతి ఆలోచించండి. ఇది డీజిల్, బ్యాటరీ కలిసిన రకం. నీటి అడుగున బ్యాటరీల మీద నడుస్తుంది. అక్కడ ఉన్నంతసేపు దాన్ని పట్టుకోవడం శత్రువుకు గగనం. కానీ బ్యాటరీలు అయిపోవస్తే డీజిల్ ఇంజన్లు తిప్పి ఛార్జింగ్ పెట్టుకోవాలి, ఇంజన్లకు గాలి కావాలి. దానికోసం పైకి రావాలి, లేదా గాలి పీల్చే గొట్టమైనా నీటిపైకి ఎత్తాలి. ఆ కాసేపూ ఆకాశంలో తిరిగే గస్తీ విమానానికి దొరికే అవకాశం పెరుగుతుంది. ‘వైల్ చార్జింగ్ ఇట్స్ బ్యాటరీస్, ఎ సబ్‌మరీన్ కెన్ బి ఎ సిట్టింగ్ డక్.’ సముద్రంలో అందరినీ వణికించే జలాంతర్గామికే ఈ మాట పడుతుంది, అదీ ఆ కాసేపటికి మాత్రమే. నన్నడిగితే ఈ మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. పిల్లలకు నేర్పేటప్పుడు బాతు కన్నా ముందు కుర్సురా చూపించినా ఫరవాలేదు.

నాలుగో మెట్టు: వాక్యంలో కూర్చడం

ఇది నామవాచకం. ఒక్కరైతే ముందు ‘ఎ’ ఉండాలి, ఎక్కువ మందైతే ‘డక్స్’ కావాలి. మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. తెలుగులో మాట్లాడుతూ ‘మనమంతా సిట్టింగ్ డక్ అయిపోయాం’ అంటే ఎవరూ తప్పు పట్టరు, తెలుగు వాక్యంలో అది అలాగే నడుస్తుంది. అదే ధోరణిలో ఇంగ్లీషులో ‘వియ్ ఆర్ సిట్టింగ్ డక్’ అని రాస్తే మాత్రం తప్పు. ‘వియ్ ఆర్ సిట్టింగ్ డక్స్’ అని ఉండాలి.

ఎవరికి దొరికిపోతారో చెప్పాలంటే ‘ఫర్’ వాడాలి. మనకు తెలుగులో ‘దొంగలకి’, ‘హ్యాకర్లకి’ అని ‘కి’ వస్తుంది కాబట్టి చెయ్యి ‘టు’ వైపు పోతుంది. ఆపుకోవాలి. ‘యాన్ అన్‌లాక్డ్ ఫోన్ ఈజ్ ఎ సిట్టింగ్ డక్ ఫర్ థీవ్స్.’ తాళం వేయని ఫోను దొంగలకు తేరగా దొరుకుతుంది.

‘వెరీ సిట్టింగ్ డక్’ అనే మాట లేదు. నొక్కి చెప్పాలంటే ‘ఎ కంప్లీట్ సిట్టింగ్ డక్’ అనొచ్చు. ‘సిట్టింగ్’ను మార్చి ‘సిటెడ్’ అనో, బాతుకు బదులు కోడినో కొంగనో పెడితే నుడికారమే చెడిపోతుంది. బ్రిటిష్ ఇంగ్లీషులో ‘సిట్టింగ్ టార్గెట్’ అని కూడా ఉంది, అర్థం అదే. రెండు పదాల మధ్య గీత అక్కర్లేదు.

పోలిక చెప్పాలంటే ముందు ‘లైక్’ చేర్చండి. ‘వియ్ స్టుడ్ ఆన్ ది ఓపెన్ బీచ్ లైక్ సిట్టింగ్ డక్స్.’ మీ మనసులో ఎలా అనిపించిందో చెప్పాలంటే ‘ఐ ఫెల్ట్ లైక్ ఎ సిట్టింగ్ డక్.’

ఇక రెండు క్రియలు బాగా నేర్చుకోండి, ‘లీవ్’, ‘మేక్’. ‘ది పవర్ కట్ లెఫ్ట్ అస్ సిట్టింగ్ డక్స్’ అంటే కరెంటు పోవడం వల్ల మేం ఆ స్థితిలో పడ్డామని. ‘స్విచింగ్ ఆఫ్ ది కెమెరాస్ మేక్స్ ది షాప్ ఎ సిట్టింగ్ డక్’ అంటే కెమెరాలు ఆపడమే షాపును ఆ స్థితికి తెస్తుందని. ఈ రెండు క్రియలూ కేవలం వ్యాకరణం కోసం కాదు. ఎందుకో కింద చెబుతాను.

ఐదో మెట్టు: ఎవరి గురించి అనాలి, ఎవరితో అనకూడదు

వస్తువుల గురించి, వ్యవస్థల గురించి హాయిగా వాడండి. రుషికొండ ఐటీ ఆఫీసులో ఒక అమ్మాయి టీమ్ లీడ్‌తో, “సర్, ఆ సర్వర్‌కి అప్‌డేట్లు పెట్టకుండా వదిలేస్తే ఇట్స్ ఎ సిట్టింగ్ డక్ అండీ” అంటే అది సూటిగా, పద్ధతిగా ఉంటుంది. మన గురించి మనం అనుకున్నా ఇబ్బంది లేదు. జరిగిపోయిన యుద్ధాలు, ఆటల గురించీ అంతే.

దెబ్బతిన్న మనిషితో అనడం వేరే సంగతి. ఇప్పుడు ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో ఫోన్లు వస్తున్నాయి. పోలీసులమనో, సీబీఐ అనో చెప్పి, వీడియో కాల్‌లోంచి కదలనివ్వకుండా కూర్చోబెట్టి డబ్బు లాగేస్తారు. రిటైరై, పిల్లలు దూరంగా ఉండి, పీఎఫ్ డబ్బు బ్యాంకులో ఉన్న పెద్దవాళ్లను ఎక్కువగా వేధిస్తారు. స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన అలా డబ్బు పోగొట్టుకున్నాడనుకోండి. ఆయన దగ్గరికి వెళ్లి ‘యు వర్ ఎ సిట్టింగ్ డక్, అంకుల్’ అంటే, ఆయన చెవికి అది ‘నువ్వు తేరగా దొరికావు’ అన్నట్టే వినిపిస్తుంది. తప్పు మోసగాళ్లది, సిగ్గు ఆయనకు మిగులుతుంది. అలాంటప్పుడు ‘దే టుక్ అడ్వాంటేజ్ ఆఫ్ యు’ అనండి. తెలుగులోనే అయితే ఇంకా మంచిది: “మీ తప్పేం లేదు బాబాయ్, ముందు 1930కి ఫోన్ చేద్దాం రండి.” ఆ సైబర్ హెల్ప్‌లైన్‌కు ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. ఆ క్షణంలో నుడికారంతో పనేముంది?

ఆడపిల్లల భద్రత గురించి రాసేటప్పుడు మరీ జాగ్రత్త. ‘రాత్రి ఒంటరిగా వెళ్లే అమ్మాయి సిట్టింగ్ డక్’ అన్న వాక్యాన్ని చూడండి. వ్యాకరణం బాగానే ఉంది, కానీ చదివేవాడి చూపు అమ్మాయి బయటికి రావడం మీద పడుతుంది. పైన చెప్పిన ‘లీవ్’ క్రియతో అదే విషయం రాయండి: ‘ఎ రోడ్ విత్ నో లైట్స్ లీవ్స్ పీపుల్ సిట్టింగ్ డక్స్.’ ఇప్పుడు చూపు లైట్లు లేని రోడ్డు మీద పడింది. సరిచేయాల్సింది కూడా దాన్నే. మాట ఒకటే, వాక్యం ఎటు తిప్పామన్నదాన్ని బట్టి తప్పు ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి పోతుంది. ఈ తేడాను నేను చాలా ముఖ్యంగా చూస్తాను. వార్తలు రాసేవాళ్లు, పోస్టులు పెట్టేవాళ్లు దయచేసి దీన్ని పట్టించుకోవాలి.

ఆఫీసు నివేదికల్లో, పరీక్ష వ్యాసాల్లో ఈ నుడికారం కొంచెం తేలిగ్గా వినిపిస్తుంది. అక్కడ ‘వల్నరబుల్’, ‘ఎక్స్‌పోజ్డ్’, ‘అన్‌ప్రొటెక్టెడ్’ చాలు. స్నేహితుల మధ్య, మీటింగుల్లో, కథనాల్లో సిట్టింగ్ డక్ బాగుంటుంది.

ఆరో మెట్టు: దగ్గరి చుట్టాలతో కలిపేయకండి

ముందు క్రికెట్ సంగతి. మధురవాడ స్టేడియంలో మ్యాచ్ చూసి పెరిగిన పిల్లలకు డక్ అంటే సున్నా. అది ‘డక్స్ ఎగ్’, అంటే బాతుగుడ్డు ఆకారంలో ఉండే సున్నా నుంచి వచ్చింది. దీనికీ మన మాటకూ సంబంధం లేదు.

‘లేమ్ డక్’ అంటే పదవి చివరి రోజుల్లో ఉండి, ఎవరూ లెక్కచేయని నాయకుడు. మొదట్లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో అప్పు తీర్చలేని దళారిని అలా అనేవారు. ‘డెడ్ డక్’ అంటే ఇక పనికిరాని పథకం, ప్రయత్నం. మూడు బాతులకూ మూడు దారులు.

‘అకిలీజ్ హీల్’తో కలిపేయడం ఇంకా ఎక్కువ. గ్రీకు కథలో అకిలీజ్ ఒంటికి దెబ్బ తగలదు, మడమ ఒక్కటి తప్ప. మనకు దుర్యోధనుడి తొడ లాంటిది. అంటే బలవంతుడిలో ఉన్న ఒకే ఒక లోపం, ఎప్పుడూ ఉండేది. జట్టుకు బ్యాటింగ్ గట్టిగా ఉండి ఫీల్డింగ్ నాసిగా ఉంటే, ఫీల్డింగ్ దాని అకిలీజ్ హీల్. సిట్టింగ్ డక్‌లో లోపం లోపల లేదు, నిలబడ్డ చోటులో ఉంది. చోటు మారితే పేరు పోతుంది.

‘చింక్ ఇన్ ది ఆర్మర్’ అంటే కవచంలో సందు. అర్థం అకిలీజ్ హీల్‌కు దగ్గర. కానీ అందులోని మొదటి పదం చైనా, తూర్పు ఆసియా మూలాలున్నవాళ్లను కించపరిచే తిట్టు కూడా. 2012లో అమెరికాలో ఆసియా మూలాలున్న ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడి వార్తకు దాన్ని శీర్షికగా పెట్టినందుకు ఒక ఉద్యోగి ఉద్యోగమే పోయింది. విదేశీ సహోద్యోగులతో మాట్లాడేవాళ్లు దీన్ని వదిలేయడమే మేలు.

మనసు విప్పి, కన్నీళ్లు దాచుకోకుండా మాట్లాడడాన్ని కూడా ఈమధ్య ‘వల్నరబుల్’ అంటున్నారు. అది ఇష్టపడి చేసేది, ధైర్యంతో చేసేది. దానికి సిట్టింగ్ డక్ అసలు సరిపోదు.

ఏడో మెట్టు: తెలుగులోకి తెచ్చేటప్పుడు

‘కూర్చున్న బాతు’ అని రాయకండి, ఎవరికీ ఏమీ తెలియదు. సందర్భాన్ని బట్టి మనకు మంచి మాటలే ఉన్నాయి. అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ‘తేరగా దొరికిపోవడం’. విశాఖ వీధుల్లో “ఏటి బావా, తేరగా దొరికిపోనావా?” అంటే ఇందులోని భావమంతా వచ్చేస్తుంది. కాపలా లేకపోవడం ముఖ్యమైతే ‘కంచె లేని చేను’ సరిపోతుంది. ఏ క్షణాన ఏమవుతుందో తెలియని స్థితికి ‘గాలిలో దీపం’. అవతలివాడు మెతకదనం చూసి మీద పడుతుంటే ‘మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి’, కానీ అది స్వభావం గురించిన సామెత కాబట్టి కొంచెం పక్కకు పోతుంది. ‘అడకత్తెరలో పోకచెక్క’ వాడకండి, అది రెండువైపులా నలిగేవాడి గురించి. ‘బలిపశువు’ కూడా వద్దు, ఇంకొకరి తప్పు మోసేవాడికి ఆ మాట.

ఎనిమిదో మెట్టు: మీరే చేసి చూడండి

కింది సందర్భాలకు సిట్టింగ్ డక్ నప్పుతుందో లేదో ముందు మీరు అనుకుని, తరువాత జవాబు చదవండి.

చేపల రేవు నుంచి బయల్దేరిన పడవ ఇంజను పెద్ద ఓడలు వచ్చే దారిలో ఆగిపోయింది, ఎదురుగా ఓడ వస్తోంది. నప్పుతుంది. ‘విత్ ఎ డెడ్ ఇంజన్, ది బోట్ వాజ్ ఎ సిట్టింగ్ డక్.’

ఇంటర్వ్యూకు వెళ్లే కుర్రాడికి టెన్షన్‌తో చెమటలు పడుతున్నాయి. నప్పదు, ‘నర్వస్’ చాలు. బయోడేటాలో రాసుకున్న కోర్సు గురించి ఏమీ చదవకుండా ముగ్గురు పెద్దల ముందు కూర్చుంటే మాత్రం నప్పుతుంది.

పాస్‌వర్డుగా అందరూ తమ పుట్టినరోజు పెట్టుకున్నారు. నప్పుతుంది, కానీ బహువచనం మరిచిపోకండి: ‘దీజ్ అకౌంట్స్ ఆర్ సిట్టింగ్ డక్స్ ఫర్ హ్యాకర్స్.’

చదరంగంలో ఎప్పుడూ గెలిచే అమ్మాయికి గడియారం చూసి ఆడడం మాత్రం చేతకాదు. నప్పదు. అది ఆమె అకిలీజ్ హీల్.